సైకోసిస్ ముప్పును రక్తపరీక్ష ముందే చెప్పగలదా? అనంతపురంలో చూసిన ఒక కేసు

అనంతపురంలో మానసిక వైద్యుడిగా పనిచేస్తున్న ఇన్నేళ్లలో ఎక్స్‌రేలు, స్కానింగులు, తాయెత్తులు, గుడి కుంకుమ పొట్లాలు పట్టుకొని వచ్చినవాళ్లను చాలామందిని చూశాను గాని, ఇంకా మొదలుకాని మతిభ్రమణం (సైకోసిస్) రాబోతోందని రక్తపరీక్ష రిపోర్టు పట్టుకొని ఒక కుటుంబం నా గదిలోకి రావడం 2023 ఏప్రిల్‌లోనే మొదటిసారి చూశాను. రోగి, అతని తల్లిదండ్రుల అనుమతితో ఈ కేసు రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. వైద్యం తాలూకు అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

రోగి వయసు 19. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఉరవకొండ వైపు చేనేత కుటుంబం, ఇంట్లో రెండు మగ్గాలు. గుడ్డు, మాంసం ముట్టని ఇల్లు. పాలు కూడా కాఫీలోకి తప్ప పెద్దగా వాడరు. అతని మేనమామకు 22వ ఏట స్కిజోఫ్రినియా, అంటే దీర్ఘకాలం ఉండే సైకోసిస్ జబ్బు, మొదలైంది. రెండు సార్లు మందులు మొదలుపెట్టి మానేసిన తర్వాత అతను ఇంటి వసారాకే పరిమితమైపోయాడు. ఈ కుర్రవాడు ఆరు నెలలుగా ముభావంగా ఉంటూ, రాత్రిళ్లు మేలుకొని, రెండు సబ్జెక్టులు తప్పడంతో నాయన తల్లి, అంటే జేజి, "మేనమామ పోలికలొచ్చినాయి" అని అనడం మొదలుపెట్టింది. మామూలుగా ముద్దుగా అనే మాట అది. ఆ ఇంట్లో మాత్రం ఆ మాట వచ్చిన ప్రతిసారీ తల్లి తలవంచుకొనేది. నా గదిలో కూడా అలాగే వంచుకుంది.

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న చిన్నాయన ఈ సంగతి విని, మెదడు ఆరోగ్యం పేరుతో ఒక ల్యాబ్ అమ్ముతున్న ప్యాకేజీకి ఎనిమిదిన్నర వేలు కట్టాడు. శాంపిల్ తీసుకోవడానికి ల్యాబ్ మనిషే ఇంటికి వచ్చాడు. రిపోర్టులో ఒంట్లో వాపును సూచించే ఇంటర్‌ల్యూకిన్-6 మిల్లీలీటరుకు 19 పికోగ్రాములు, ఆ ల్యాబ్ లెక్కన 7 లోపు ఉండాలి. అలాంటి మరో గుర్తు సీఆర్‌పీ లీటరుకు 14 మిల్లీగ్రాములు, 5 లోపు ఉండాలి. చివరి పేజీలో నాడీవ్యవస్థకు వాపు ముప్పు అధికమని ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. చిన్నాయన ఇంటర్‌నెట్‌లో వెతికితే ఇంటర్‌ల్యూకిన్-6కీ స్కిజోఫ్రినియాకీ సంబంధం ఉందన్న వ్యాసాలు దొరికాయి. అంతటితో ఇంటిల్లిపాదీ నిర్ణయానికి వచ్చేశారు. తండ్రి నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మందులు ఇప్పుడే మొదలుపెడితే ఆపొచ్చు గదా సార్?" అని.

ఆ రిపోర్టును బల్లమీద బోర్లించి పెట్టి, ముందు కుర్రవాడితో ఒంటరిగా మాట్లాడాను. కాలేజీకి సెలవులు వచ్చినప్పుడు ఇంట్లో మగ్గం ఆడుతుంటే ఆ చప్పుడులో తన పేరు వినిపించినట్టు ఉంటుందని చెప్పాడు. "మగ్గం ఆపితే ఉండదు సార్. అది చప్పుడే అని నాకు తెలుసు. అయినా మళ్లీ తిరిగి చూస్తా." తరగతి వాట్సాప్ గ్రూపులో ఎవరైనా జోకు పెడితే అది తనను ఉద్దేశించిందేమోనని గంటసేపు ఫోను చూస్తూ కూర్చుంటాడు. నూటికి ఎంత నమ్మకం అని అడిగితే కాసేపు ఆలోచించి "సగం సగం" అన్నాడు. ఇవి వారంలో ఒకటి రెండు సార్లు, పది పదిహేను నిమిషాలు ఉండి పోతున్నాయి. గంజాయి అలవాటు లేదన్నాడు; మూత్రపరీక్ష కూడా అదే చెప్పింది. చనిపోవాలన్న ఆలోచన లేదు.

ఆ "సగం సగం" అన్న జవాబు నాకు రిపోర్టులోని ఎర్ర అక్షరాలన్నిటికంటే ఎక్కువ చెప్పింది. పూర్తి సైకోసిస్‌లో రోగికి అనుమానం అనుమానంగా ఉండదు, అది నిజమైపోతుంది. ఇక్కడ నమ్మకం ఇంకా ఊగిసలాడుతోంది, తరచుదనం తక్కువ, కాని చదువు, నిద్ర, స్నేహాలు దెబ్బతింటున్నాయి. మెల్‌బోర్న్‌లో ప్యాట్రిక్ మెక్‌గోరీ, ఆలిసన్ యుంగ్ బృందం 1990లలో రూపొందించిన ప్రమాణాల ప్రకారం దీన్ని సైకోసిస్‌కు అధిక ముప్పు ఉన్న స్థితి అంటారు. ఇలాంటి స్థితిలో ఉన్న సుమారు 2,500 మందిని గమనించిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2012లో వేసిన లెక్కలో, పూర్తి సైకోసిస్‌లోకి జారినవాళ్లు ఏడాదిలో నూటికి 22 మంది, రెండేళ్లలో 29 మంది, మూడేళ్లు దాటాక 36 మంది. అంటే మూడేళ్లు గడిచినా మూడింట రెండు వంతుల మంది జారలేదు. జారనివాళ్లందరూ క్షేమంగా ఉన్నారని కాదు. వాళ్లలో చాలామందికి దిగులు, ఆందోళన మిగిలిపోతాయి.

ఆ తర్వాత శరీరపరీక్ష. మానసిక వైద్యులం స్టెతస్కోపును గోడకు తగిలించి మరిచిపోతామని మిగతా డాక్టర్లు మమ్మల్ని ఆటపట్టిస్తారు, అందులో నిజం లేకపోలేదు. ఇక్కడ ఆ పని చేయడం వల్ల మూడు విషయాలు బయటపడ్డాయి. కింది దవడలో ఒక పన్ను పుచ్చి, చిగురు వాచి, నొక్కితే చీము వస్తోంది. నెల రోజులుగా నొప్పి మాత్రలు మింగుతున్నాడు, ఇంట్లో చెప్పలేదు. చేతివేళ్ల కణుపుల దగ్గర చర్మం నల్లబడి ఉంది. ట్యూనింగ్ ఫోర్క్ పెడితే రెండు కాళ్ల బొటనవేళ్ల దగ్గరా కంపనం సరిగా తెలియడం లేదు. అడిగితే అరికాళ్లు తిమ్మిరిగా ఉంటాయని అప్పుడు చెప్పాడు.

ఇంటర్‌ల్యూకిన్-6 అనేది ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫెక్షన్ వచ్చినా, దెబ్బ తగిలినా రక్షణ కణాలు విడుదల చేసే సందేశ ప్రొటీన్. కాలేయాన్ని సీఆర్‌పీ తయారుచేయమని పురమాయించేది ప్రధానంగా అదే. కాబట్టి ఈ రెండూ కలిసి పెరగడం వింత కాదు. అది మెదడు గురించి చెబుతోందా, దవడ గురించి చెబుతోందా అన్నది ఆ అంకెను చూసి తేల్చలేం. పైగా బాగా వ్యాయామం చేసినా కండరాలు దాన్ని విడుదల చేస్తాయి, పొగతాగేవాళ్లలోనూ ఊబకాయుల్లోనూ ఎక్కువగానే ఉంటుంది, రోజులో వేళను బట్టి మారుతుంది. తీసిన రక్తాన్ని వెంటనే తిప్పి ప్లాస్మా వేరుచేయకపోతే గొట్టంలోనే దాని మోతాదు మారిపోతుంది. ఏప్రిల్ నెలలో అనంతపురం ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. పొద్దున ఏడింటికి తీసిన ఆ శాంపిల్ మోటారు సైకిలు మీద ఊళ్లు తిరిగి, సాయంత్రం బస్సులో బెంగళూరు చేరిందని తండ్రి మాటల్లోనే తెలిసింది. ఐసు పెట్టె ఉందో లేదో ఆయన గమనించలేదు.

కుర్రవాణ్ని దంతవైద్యుడి దగ్గరికి పంపి పన్ను తీయించాను. మూడు వారాల తర్వాత, నా పక్క ల్యాబ్‌లోనే రక్తం తీయించి అరగంటలో ప్లాస్మా వేరుచేయించాను. ఇంటర్‌ల్యూకిన్-6 ఈసారి 3, సీఆర్‌పీ 1.2. ఎర్ర అక్షరాలకు కారణం పుచ్చిపన్నే. ఆ ఇంట్లో మూడు వారాలు ఎవరూ సరిగా తిండి తినలేదని తర్వాత తెలిసింది.

నేను అడిగిన రక్తపరీక్షల జాబితా వేరు. సైకోసిస్ లక్షణాలతో వచ్చిన యువకుల్లో, వెతికితే దొరికి, దొరికితే నయమయ్యే కారణాలు కొన్ని ఉన్నాయి. థైరాయిడ్, కాల్షియం, బి12, హెచ్‌ఐవీ, సిఫిలిస్ కోసం వీడీఆర్‌ఎల్, ఈ వయసులో ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు కోసం సెరులోప్లాస్మిన్ చూడాలి. జ్వరం, మూర్ఛలు, మాట పడిపోవడం, మూతి అసంకల్పితంగా కదలడం వంటివి రోజుల వ్యవధిలో వస్తే 2007లో జోసెప్ డాల్మౌ బృందం వర్ణించిన ఎన్‌ఎండీఏ గ్రాహక యాంటీబాడీల మెదడువాపును (శరీర రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడిచేసే జబ్బును) అనుమానించాలి. దానికి రక్తం ఒక్కటే చాలదు, వెన్నునీరు కూడా పంపాలి. మా కుర్రవాడిలో అలాంటి సూచనలేవీ లేవు, ఆరు నెలలుగా మెల్లగా వచ్చిన మార్పు ఇది, కాబట్టి ఆ పరీక్ష జోలికి పోలేదు.

మిగతావన్నీ సవ్యంగా వచ్చాయి గాని బి12 మాత్రం మిల్లీలీటరుకు 128 పికోగ్రాములు వచ్చింది. సాధారణంగా 200 పైన ఉండాలి. బి12 తగ్గితే రక్తంలో పెరిగే హోమోసిస్టీన్ లీటరుకు 38 మైక్రోమోల్స్, 15 దాటకూడదు. ఈ హోమోసిస్టీన్ శాంపిల్‌ను ఐసులో పెట్టి త్వరగా వేరుచేయకపోతే ఎర్రరక్తకణాలు దాన్ని గొట్టంలోకి వదులుతూనే ఉండి దొంగ పెరుగుదల చూపిస్తాయి, అందుకే దీన్ని కూడా దగ్గరుండి చేయించాను. ఎర్రకణాల సగటు పరిమాణం మాత్రం మామూలుగానే ఉంది. బి12 లోపంలో కణాలు పెద్దవవుతాయని పాఠ్యపుస్తకాల్లో చదువుకొని, అవి పెద్దగా లేవు కాబట్టి లోపం లేదనుకొనేవాళ్లు ఉన్నారు. ఇతనికి ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ కూడా 11కు పడిపోయింది. ఇనుము లోపం కణాన్ని చిన్నది చేస్తుంది, బి12 లోపం పెద్దది చేస్తుంది, రెండూ కలిస్తే సగటు చూడముచ్చటగా ఉంటుంది.

బి12 లోపం ఒక్కటే మనిషిని భ్రాంతుల దాకా తీసుకుపోగలదు, అదీ రక్తహీనత కనిపించకుండానే. కాళ్ల తిమ్మిరి, కణుపుల నలుపు, ఆహారపు అలవాటు, అంకెలు అన్నీ ఒకే వైపు చూపించడంతో నాకు ఉత్సాహం వచ్చిందని ఒప్పుకోవాలి. వెయ్యి మైక్రోగ్రాముల ఇంజెక్షన్ రోజు విడిచి రోజు రెండు వారాలు, తర్వాత వారానికొకటి, ఆపైన నెలకొకటి. దాంతోపాటు ఇనుము మాత్రలు. సైకోసిస్‌కు వాడే యాంటీసైకోటిక్ మందులు ఇవ్వలేదు. ముప్పు దశలో జబ్బును నివారించే ఉద్దేశంతో వాటిని ఇవ్వవద్దని బ్రిటన్ మార్గదర్శకాలు 2014లో స్పష్టంగా చెప్పాయి, నా అభిప్రాయమూ అదే. నిద్రవేళలు సరిచేయడం, వాట్సాప్ సందేశం చూసినప్పుడు వచ్చే ఆలోచనకు ఇంకేమేమి అర్థాలు ఉండవచ్చో కాగితం మీద రాయించడం, వారం వారం మాట్లాడటం, ఇదీ చికిత్స. అక్క ఏఎన్‌ఎంగా పనిచేస్తుంది. ఆమెకు ఒక పని అప్పగించాను: గోడ క్యాలెండర్ మీద, తమ్ముడు సరిగా నిద్రపోని రోజున నల్ల చుక్క, పేరు పిలిచినట్టు వినిపించిందని చెప్పిన రోజున ఎర్ర చుక్క పెట్టాలి.

చేప నూనె ఇవ్వవచ్చా అని చిన్నాయన ఫోనులో అడిగాడు. 2010లో వియన్నాలో 81 మందితో జరిగిన ప్రయోగంలో పన్నెండు వారాలు ఒమేగా-3 తీసుకున్న 41 మందిలో ఇద్దరే జబ్బులోకి జారారు, తీసుకోని 40 మందిలో 11 మంది జారారు. ప్రపంచమంతా ఆశపడింది. 2017లో 304 మందితో అనేక దేశాల్లో మళ్లీ చేస్తే ఆ తేడా కనిపించలేదు. ఆ ఇంట్లో చేప నూనె ఎలాగూ మింగరు, కాబట్టి ఆ చర్చ అక్కడితో ముగిసింది.

జూలై నాటికి బి12 అంకె 600 దాటింది, హోమోసిస్టీన్ 12కు దిగింది. తిమ్మిరి పోయింది. క్యాలెండర్‌లో ఎర్ర చుక్కలు నెలకు ఏడెనిమిది నుంచి ఒకటికి వచ్చాయి. రిపోర్టును కుటుంబానికి చూపిస్తూ "రక్తం మొత్తం సరిపోయింది" అన్నాను. వారం వారం రావడం వాళ్లకు మగ్గం పని చెడగొట్టుకోవడమే కాబట్టి ఇకమీదట రెండు నెలలకొకసారి వస్తే చాలన్నాను. నా పొరపాటు ఇక్కడ జరిగింది. మొదటి ల్యాబ్ రక్తాన్ని చూసి జబ్బు వస్తుందని భయపెట్టింది, నేను అదే రక్తాన్ని చూసి రాదని భరోసా ఇచ్చాను. రెండింటికీ ఆధారం ఒక్కటే, అది ఆ పనికి చాలదు.

దీపావళి తర్వాత చుక్కలు మళ్లీ పెరిగాయి. అక్క వాటిని నిజాయితీగా పెడుతూనే ఉంది, కాని నాకు ఫోను చేయలేదు. డిసెంబరు మధ్యలో వచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "రక్తం మంచిగుందన్నారు గదా సార్, పరీక్షల టెన్షన్ అనుకున్నాం" అంది. అప్పటికి కుర్రవాడు ఫోనులోంచి సిమ్ తీసి మగ్గం గుంటలో పాతిపెట్టాడు. మగ్గం చప్పుడు తనకు ఆజ్ఞలు ఇస్తోందని, తరగతిలో నలుగురు దాన్ని నడిపిస్తున్నారని చెప్పాడు. నూటికి ఎంత నమ్మకం అని పాత ప్రశ్నే అడిగాను. ఈసారి ఆలోచించలేదు. నా వైపు జాలిగా చూశాడు. మూడు వారాలుగా ప్రతి రోజూ, గంటల తరబడి ఇదే స్థితి. ముప్పు దశ దాటిపోయింది.

రక్తపరీక్షలు మళ్లీ చేయించాను. బి12, హోమోసిస్టీన్, సీఆర్‌పీ అన్నీ సవ్యంగా ఉన్నాయి, ఈఈజీ మామూలుగా ఉంది. జబ్బు వచ్చిన రోజున అతని రక్తం, జబ్బు లేని ఏప్రిల్ కంటే శుభ్రంగా ఉంది. బరువు, నడుము కొలత, పరగడుపు షుగర్, కొవ్వులు, ప్రొలాక్టిన్ రాసిపెట్టుకొని రాత్రి ఒక మిల్లీగ్రాము రిస్పెరిడోన్ అనే యాంటీసైకోటిక్ మందు మొదలుపెట్టి, వారం తర్వాత రెండు మిల్లీగ్రాములకు పెంచాను.

రక్తంలో సైకోసిస్ గుర్తులను వెతకడం వృథా అని నేను చెప్పడం లేదు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ పరిసరాల్లో పుట్టిన పిల్లలను దశాబ్దాలుగా గమనిస్తున్న అధ్యయనంలో, తొమ్మిదేళ్ల వయసులో ఇంటర్‌ల్యూకిన్-6 ఎక్కువగా ఉన్నవాళ్లకు 18వ ఏట సైకోసిస్ వంటి అనుభవాలు ఎక్కువగా ఉన్నట్టు గోలం ఖందకర్ బృందం 2014లో చూపింది. చిన్నాయన చదివిన వ్యాసాలకు మూలం ఇటువంటి పరిశోధనే అయి ఉంటుంది. అమెరికాలో డయానా పెర్కిన్స్ బృందం ముప్పు దశలో ఉన్నవారి రక్తంలో వాపు, హార్మోన్లు, జీవక్రియలకు సంబంధించిన 15 పదార్థాలను కలిపి ఒక సూచిక తయారుచేసింది. జబ్బులోకి జారిన 32 మందిని, జారని 40 మందిని అది చాలావరకు వేరుచేయగలిగింది. 2021లో యూరప్ అధ్యయనం 133 మంది రక్తంలోని ప్రొటీన్లను కొలిచింది. వాళ్లలో 49 మంది తర్వాత జబ్బుపడ్డారు. కాంప్లిమెంట్ (రోగనిరోధక శక్తిలో ఒక భాగం), రక్తం గడ్డకట్టే వ్యవస్థలకు చెందిన ప్రొటీన్లలో తేడా ముందే ఉందని, వాటితో అంచనా ఆశ్చర్యపడేంత బాగా కుదిరిందని తేలింది. కాంప్లిమెంట్ సీ4 జన్యువుకూ స్కిజోఫ్రినియాకూ ఉన్న ముడి 2016లోనే బయటపడింది కాబట్టి ఈ దారి గాలిలో మేడ కాదు.

అయితే ఈ సంఖ్యలు గుంపుల గురించి చెప్పేవి. ముప్పై, నలభై మందిలో వందల ప్రొటీన్లను కొలిచి, వాటిలో బాగా పనిచేసినవాటిని ఏరుకుంటే, ఆ గుంపుకు సరిగ్గా కొలత తీసి కుట్టిన చొక్కాలా అంచనా కుదురుతుంది. అది పక్క ఊరివాడికి పడుతుందో లేదో వేసి చూస్తేనే తెలుస్తుంది. ఒక బృందం జాబితాలోని ప్రొటీన్లు మరో బృందం జాబితాలో చాలావరకు కనిపించకపోవడానికి ఇదొక కారణం. 2010లో అమెరికాలో 51 ప్రొటీన్లతో స్కిజోఫ్రినియా నిర్ధారణకు తోడ్పడుతుందంటూ ఒక రక్తపరీక్ష మార్కెట్లోకి వచ్చింది, కొద్ది ఏళ్లకే కనుమరుగైంది.

ఇంకొక లెక్క నేను ఇప్పుడు ప్రతి కుటుంబానికీ కాగితం మీద వేసి చూపిస్తున్నాను. నూటికి ఎనభై సార్లు జబ్బును పట్టుకొని, నూటికి ఎనభై సార్లు జబ్బు రానివాణ్ని సరిగా వదిలేసే పరీక్ష ఒకటి ఉందనుకుందాం. అంత మంచి పరీక్ష ఇంకా లేదు, అయినా అనుకుందాం. ముప్పు దశలో ఉన్న వందమందికి అది చేస్తే, వాళ్లలో నిజంగా జారబోయే ఇరవైమందిలో పదహారుమంది దొరుకుతారు. జారని ఎనభైమందిలోనూ పదహారుమందికి తప్పుగా ఎర్ర గుర్తు పడుతుంది. ఎర్ర గుర్తు పడ్డవాళ్లలో సగం మందికే జబ్బు. అదే పరీక్షను ఒక కాలేజీలో వెయ్యిమందికి చేస్తే, వాళ్లలో అయిదుగురికి జబ్బు రాబోతోందనుకుంటే, నలుగురు దొరుకుతారు, 199 మంది ఊరికే భయపడతారు. పెళ్లి సంబంధాలు చూసుకొనే మన ఊళ్లలో ఆ 199 కాగితాలు ఎవరి చేతికి వెళతాయో ఆలోచిస్తే నాకు ఆ ప్యాకేజీల మీద కోపం వస్తుంది.

ఇప్పుడు వెనక్కి చూస్తే, ఈ కేసులో ముప్పును సరిగా సూచించినవి మూడే. ఒకటి, మొదటి రోజు విన్న లక్షణాలు. రెండు, చదువులో వచ్చిన దిగజారుడు. మూడు, అక్క పెట్టిన చుక్కలు. మేనమామకు ఉన్న జబ్బు కూడా కొంత బరువు మోసింది గాని, జేజి అనుకున్నంత కాదు. తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఒకరికి ఉంటే సుమారు నూటికి పదిమందికి వచ్చే జబ్బు ఇది. మేనమామ అంత దగ్గర కాదు, ముప్పు ఇంకా తగ్గుతుంది. ఈ మాట జేజి ఎదుటే, తల్లి కూడా వింటుండగా చెప్పాను.

బి12 చికిత్స వృథా కాలేదు. కాళ్ల తిమ్మిరిని అది నయం చేసింది, వదిలేస్తే వెన్నుపాము శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉండేది. లక్షణాలు కొన్ని నెలలు తగ్గడానికి అదే కారణమా, వారం వారం జరిగిన మాటలా, సెలవులు ముగియడమా అన్నది ఒక్క రోగిని చూసి తేల్చలేను. నా విధానంలో మాత్రం రెండు మార్పులు చేశాను. ముప్పు దశలో ఉన్నవాళ్లను రక్తం ఎలా ఉన్నా మొదటి ఏడాది నెలకు రెండుసార్లు చూస్తున్నాను, రాలేనివాళ్లతో ఫోనులో మాట్లాడుతున్నాను. వారంలో మూడు ఎర్ర చుక్కలు పడితే ఎవరినీ అడగకుండా నాకు ఫోను చేయాలని, నేను అందకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు చేయాలని క్యాలెండర్ మీదే రాయిస్తున్నాను.

కుర్రవాడి లక్షణాలు సంక్రాంతికి సగానికి తగ్గాయి, మార్చి చివరికి పోయాయి. లక్షణాలు పూర్తిగా ముదిరాక చికిత్స మొదలవడానికి పట్టిన కాలం సుమారు మూడు వారాలు; నా ఓపీకి వచ్చేవాళ్లలో చాలామందికి అది ఏడాది దాటుతుంది. రెండు సబ్జెక్టుల్లో ఒకటి పాసయ్యాడు, ఒకటి ఇంకా ఉంది. బరువు నాలుగు కిలోలు పెరిగాడు, దాని గురించి మా ఇద్దరికీ ప్రతిసారీ వాదన జరుగుతోంది. ఈమధ్య వచ్చినప్పుడు వాళ్లు మేనమామను కూడా వెంటబెట్టుకొని వచ్చారు. జేజి అతని చెయ్యి పట్టుకొని కుర్చీలో కూర్చోబెట్టింది. నేను రాసిచ్చిన మొదటి పరీక్షల చీటీలో షుగర్, థైరాయిడ్, బి12 ఉన్నాయి, ఇంటర్‌ల్యూకిన్ లేదు.